మన ఊరి సైనికుడి జీవితచరిత్ర రాయడం ఎలా: పతకం అంచు నుంచి గెజిట్ దాకా

ఊరి నడిబొడ్డున విగ్రహం ఉంటుంది, బడి గోడ మీద ఫొటో ఉంటుంది, ఏటా దండ పడుతుంది. ఆయన ఏ ఏడు సైన్యంలో చేరారు, ఏ బెటాలియన్, ఆ పతకం ఏ రోజున ఏ పని చేసినందుకు వచ్చింది అని అడిగితే మాత్రం వీధికో మాట వినిపిస్తుంది. ఇంకో పదేళ్లు ఆగితే తోటి సైనికుల్లో ఎందరు మిగులుతారో తెలియదు, కాగితాలకు చెదలు పడతాయి. అందుకే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇందులో నియమం ఒక్కటే: ప్రతి వాక్యానికీ ఒక రుజువు ఉండాలి. సరిహద్దు కొండల మీద ప్రాణాన్ని పణంగా పెట్టిన మనిషికి మనం కల్పించి ఇవ్వాల్సిన గొప్పతనం ఏమీ లేదు.

నంబరు దొరికితే సగం పని అయినట్టే

సైన్యం కాగితాల్లో పేరు కన్నా నంబరు ముఖ్యం. ఒకే పేరున్నవాళ్లు ఒకే రెజిమెంట్‌లో పది మంది ఉండొచ్చు, నంబరు మాత్రం ఒక్కరిదే. సిపాయిగా చేరి సుబేదార్‌గా దిగిన వ్యక్తికి రెండు నంబర్లు ఉంటాయి: జవానుగా ఉన్నప్పటిది ఒకటి, జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) అయ్యాక ‘జేసీ’ అక్షరాలతో మొదలయ్యేది ఇంకొకటి. రెండూ రాసుకోండి. అధికారులకు ‘ఐసీ’తోనో, షార్ట్ సర్వీసు అయితే ‘ఎస్ఎస్’తోనో మొదలవుతుంది. నంబరు కోసం డిశ్చార్జి బుక్, పింఛను ఉత్తర్వు అంటే పీపీవో, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, పతకాల అంచులు, పాత ఉత్తరాల మీద పంపినవారి చిరునామా వెతకండి. ఏదో ఒక చోట తప్పకుండా ఉంటుంది.

పేరు విషయంలో తెలుగు కుటుంబాలకు ఒక చిక్కుంది. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకో కాగితంలో పూర్తిగా, మరో దాంట్లో పేరు చివర కనిపిస్తుంది. ‘రావు’, ‘రెడ్డి’, ‘నాయుడు’ ఒక చోట ఉండి మరో చోట ఉండవు. డిశ్చార్జి బుక్‌లో ఎలా ఉందో అలాగే అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాసుకోండి, సొంతంగా సరిదిద్దవద్దు. సర్వీసు పత్రాలు దాచే రికార్డు ఆఫీసు వెతికేది ఆ స్పెల్లింగుతోనే.

జిల్లా పేర్లూ ఇంతే. ఊరు కదలకపోయినా జిల్లా మారుతూ వచ్చింది. ప్రకాశం జిల్లా 1970లో, విజయనగరం 1979లో వచ్చాయి. మండలాలు 1985 నుంచి, అంతకుముందు తాలూకాలు. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి. సూర్యాపేట వాసి 2004లో సైన్యంలో చేరి ఉంటే ఆనాటి కాగితాల్లో నల్లగొండ జిల్లా అనే ఉంటుంది. దాన్ని చూసి వేరే మనిషి అనుకోకూడదు.

ఇంకో ప్రశ్న కూడా మొదట్లోనే తేల్చుకోవాలి: ఆయన సైన్యమా, సరిహద్దు దళమా? బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) 1965 డిసెంబర్ 1న ఏర్పడింది, ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) 1962 అక్టోబర్ 24న. ఊళ్లో అందరినీ ‘మిలట్రీ’ అనే అంటారు గానీ ఈ రెండూ హోం శాఖ కింద ఉంటాయి. వారి శౌర్య పతకాల్లో ఎక్కువ భాగం పోలీసు పతకాలు, కాగితాలు ఆయా దళాల కార్యాలయాల్లోనే ఉంటాయి. సైన్యం రికార్డు ఆఫీసుకు రాస్తే నెలలు వృథా.

పతకాలను చదవడం

పెట్టెలో ఆరేడు పతకాలు కనిపిస్తే అన్నీ శౌర్యానికి వచ్చినవే అనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఒకటో రెండో శౌర్యానివి, మిగతావి ఫలానా చోట, ఫలానా కాలంలో పనిచేసినందుకు వచ్చినవి. చరిత్ర రాసేవారికి ఈ రెండో రకమే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే అవి ఆయన ఎక్కడెక్కడ తిరిగారో చెబుతాయి.

శత్రువుకు ఎదురుగా చేసిన సాహసానికి ఇచ్చేవి మూడు: పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. 1950 జనవరి 26న వీటిని నెలకొల్పి 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. పరమవీర చక్ర కంచుది, చుట్టూ నాలుగు ఇంద్ర వజ్రాయుధాలు, ఊదా రంగు రిబ్బన్. మహావీర చక్ర వెండిది, రిబ్బన్ సగం తెలుపు, సగం నారింజ. వీర చక్ర కూడా వెండిదే, రిబ్బన్ సగం ముదురు నీలం, సగం నారింజ. శత్రు సేన ఎదురుగా లేని సందర్భాల్లో, ఉగ్రవాదులతో పోరులాంటి వాటిలో, ఇచ్చేవి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. మూడింటి రిబ్బన్లూ ముదురు ఆకుపచ్చే. మధ్యలో కాషాయ గీతలు వరుసగా ఒకటి, రెండు, మూడు ఉంటాయి. 1967కు ముందు కాగితాల్లో ఇవే అశోక చక్ర ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అని కనబడతాయి.

సేనా పతకం దగ్గర జాగ్రత్త. ఎర్ర రిబ్బన్ మధ్యలో సన్నని తెల్ల గీత ఉండే ఈ పతకాన్ని శౌర్యానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. పతకం చూసి ఏదో చెప్పలేం, ప్రకటన చూడాల్సిందే. ఇక ఏదైనా సేవా పతకం రిబ్బన్ మీద చిన్న తామరాకు గుర్తు కనిపిస్తే పారేసుకోకండి. యుద్ధ నివేదికల్లో ఆయన పేరును ప్రత్యేకంగా ప్రస్తావించారని దాని అర్థం. చాలా ఇళ్లలో అది ఊడిపోయిన పిన్నులాగా డబ్బా అడుగున పడి ఉంటుంది.

సేవా పతకాల్లో నక్షత్రానికీ గుండ్రటి పతకానికీ తేడా చాలా ఉంది. 1965లో యుద్ధరంగంలో ఉన్నవారికి సమర్ సేవా స్టార్, ఆ కాలంలో సైన్యంలో ఉన్నవారికి విస్తృతంగా ఇచ్చినది రక్షా పతకం. 1971లో తూర్పున పోరాడినవారికి పూర్వీ స్టార్, పడమటి రంగానికి పశ్చిమీ స్టార్, సంగ్రామ్ పతకం విస్తృతంగా ఇచ్చినది. 1999లోనూ అంతే: ఆపరేషన్ విజయ్ స్టార్ కార్గిల్ యుద్ధరంగంలో ఉన్నవారిది, ఆపరేషన్ విజయ్ మెడల్ అప్పుడు ఇతర సరిహద్దుల్లో మోహరించినవారిది. మెడల్ మాత్రమే ఉన్న వ్యక్తి గురించి ‘కార్గిల్ కొండలెక్కి పోరాడారు’ అని రాస్తే ఆయన పక్కన పనిచేసినవాళ్లే తలదించుకుంటారు. రాజస్థాన్ ఇసుకలో బంకరు కాపలా కాయడం తక్కువ పనేమీ కాదు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

సైన్య సేవా పతకానికి రిబ్బన్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీని, అంటే క్లాస్ప్‌ను చూడండి. ‘జమ్మూ కశ్మీర్’, ‘నేఫా’, ‘హిమాలయ్’, ‘మరుస్థల్’ లాంటి పేర్లు హిందీలో చెక్కి ఉంటాయి. నేఫా అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్. 1972లో పేరు మారింది. స్వాతంత్ర్య రజతోత్సవ పతకం ఉంటే ఆయన 1972లో, స్వర్ణోత్సవ పతకం ఉంటే 1997లో సర్వీసులో ఉన్నట్టు. తొమ్మిదేళ్లు, ఇరవయ్యేళ్ల దీర్ఘకాల సేవా పతకాలు చేరిన ఏడాదిని లెక్కగట్టడానికి పనికొస్తాయి.

తాతల కాలానికి వెళితే బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దు, అంటే నేటి పాకిస్తాన్-అఫ్గాన్ సరిహద్దు ప్రాంతం వస్తుంది. 1908 ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ మీద ‘వజీరిస్తాన్ 1919-21’, ‘నార్త్ వెస్ట్ ఫ్రాంటియర్ 1930-31’ వంటి క్లాస్ప్‌లుంటాయి; 1936లో మొదలైన తర్వాతి పతకానికి ‘1936-37’, ‘1937-39’. ఆ రోజుల్లో శౌర్యానికి ఇచ్చినవి ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1907లో వచ్చిన ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్.

ఇప్పుడు పతకాన్ని పక్కకు తిప్పి అంచు చూడండి. నంబరు, హోదా, పేరు, యూనిట్ సన్నగా అచ్చుగుద్ది ఉంటాయి. ఏటవాలు వెలుతురులో, భూతద్దంతో చదవండి. మొబైల్‌తో తీయాలంటే టార్చిని పక్క నుంచి పట్టాలి. మెరుపు కోసం బ్రాసో, చింతపండు, విభూది పెట్టి తోమవద్దు. తోమిన ప్రతిసారీ అంచు మీది అక్షరాలు కొంత అరుగుతాయి, ఒకసారి అరిగితే మళ్లీ రావు. రిబ్బన్ ఉతికితే రంగు కలిసిపోతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, విడివిడిగా కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెడితే చాలు.

సైటేషన్ చదివే పద్ధతి

శౌర్య పురస్కారం ఇచ్చినప్పుడు ఎందుకు ఇచ్చారో చెప్పే ప్రకటన పాఠమే సైటేషన్. రాష్ట్రపతి సచివాలయం పేరున భారత గెజిట్ (ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రం) మొదటి భాగం, మొదటి సెక్షన్‌లో అచ్చవుతుంది. పురస్కారాలు సాధారణంగా గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా ప్రకటిస్తారు కాబట్టి ఆ రెండు తేదీల తర్వాతి గెజిట్లలో వెతకండి. రక్షణ శాఖ నడిపే శౌర్య పురస్కారాల వెబ్‌సైట్‌లో పేరు, పురస్కారం, ఏడాదిని బట్టి వెతకొచ్చు. అక్కడ దొరికినా గెజిట్ ప్రతిని కూడా సంపాదించండి.

ఒక్క పురస్కారానికి మూడు తేదీలుంటాయి, మూడూ కలిపేయకూడదు. సూర్యాపేటకు చెందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విషయం చూడండి. కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివి, నేషనల్ డిఫెన్స్ అకాడమీ మీదుగా సైన్యంలోకి వెళ్లి, 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్‌గా ఉండగా లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో వీరమరణం పొందారు. ఆ ఘటన తేదీ 2020 జూన్ 15. మహావీర చక్ర ప్రకటించింది 2021 గణతంత్ర దినోత్సవ జాబితాలో. రాష్ట్రపతి భవన్‌లో కుటుంబానికి అందజేసింది 2021 నవంబర్ 23న. ‘2021లో మహావీర చక్ర’ అనొచ్చు, ‘2021లో గల్వాన్ పోరు’ అంటే తప్పు. చిన్న విషయంలా ఉంటుంది, శిలాఫలకం మీద చెక్కాక దిద్దలేం.

ఆ జాబితాయే ఇంకో పాఠం నేర్పుతుంది. గల్వాన్ పోరుకే మరో ఐదు వీర చక్రలు వచ్చాయి. నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్ 16 బిహార్, హవల్దార్ కె.పళని 81 ఫీల్డ్ రెజిమెంట్, హవల్దార్ తేజిందర్ సింగ్ 3 మీడియం రెజిమెంట్, నాయక్ దీపక్ సింగ్ ఆర్మీ మెడికల్ కోర్ నుంచి 16 బిహార్‌తో ఉన్నవారు, సిపాయి గురుతేజ్ సింగ్ 3 పంజాబ్. ఒకే రాత్రి, ఒకే లోయ, ఇన్ని యూనిట్లు. కాబట్టి మీ సైనికుడి సైటేషన్ ఒక్కటే చదివి ఆపవద్దు. అదే తేదీతో, అదే చోటితో ఉన్న మిగతా సైటేషన్లన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకరి దాంట్లో లేని సమయం, వాతావరణం, శత్రువు బలం ఇంకొకరి దాంట్లో దొరుకుతాయి.

సైటేషన్‌లో ఏముండదో కూడా తెలియాలి. అది నాలుగైదు పేరాల్లో ఒక్క చర్యను చెబుతుంది. కొండల పేర్లు చాలాసార్లు రాయరు. ఆ ఖాళీని ఊహతో నింపడం దగ్గరే తప్పులు పుడతాయి. హైదరాబాద్ కుటుంబానికి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్, కార్గిల్‌లో మహావీర చక్ర పొందినవారు. ఆయన తోలోలింగ్ మీద ప్రాణాలర్పించారని చాలాచోట్ల రాసేస్తుంటారు. ఆయన చివరి పోరు 1999 జూన్ 28న జరిగింది. తోలోలింగ్ శిఖరం అదే బెటాలియన్ చేతికి జూన్ 13 నాటికే వచ్చేసింది. జూన్ 28 రాత్రి పోరు త్రీ పింపుల్స్ అనే శిఖరాల గుంపు మీద. ఇలాంటి తప్పు పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సైనికుడి తేదీని బెటాలియన్ తేదీల పక్కన పెడితే చాలు.

యూనిట్ పేరును విడదీసి చదవడం నేర్చుకోండి. ‘16 బిహార్’ అంటే బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్. అధికారులను ఏ రెజిమెంట్‌కైనా పంపుతారు, సొంత రాష్ట్రంతో పనిలేదు. రాష్ట్రీయ రైఫిల్స్ అయితే సైనికులు తమ మాతృ రెజిమెంట్ నుంచి కొంతకాలం వెళ్లి పనిచేస్తారు. 2014లో షోపియాన్‌లో నేలకొరిగి అశోక చక్ర పొందిన మేజర్ ముకుంద్ వరదరాజన్ రాజ్‌పుత్ రెజిమెంట్ అధికారి, అప్పుడున్నది 44 రాష్ట్రీయ రైఫిల్స్‌లో. రెండు పేర్లూ రాయాలి. సర్వీసు కాగితాల కోసం మాతృ రెజిమెంట్ దారే పట్టాలి.

హోదాల్లోనూ కాలభేదం ఉంది. 1965కు ముందు కాగితాల్లో ‘జమేదార్’ అంటే నేటి నాయబ్ సుబేదార్. గన్నర్, సాపర్, సిగ్నల్‌మన్, క్రాఫ్ట్స్‌మన్ అన్నీ ఆయా విభాగాల్లో సిపాయితో సమానమైనవే.

రికార్డు ఆఫీసుకు రాయడం

జవాన్ల, జేసీవోల సర్వీసు పత్రాలు రెజిమెంట్ రికార్డు ఆఫీసులో ఉంటాయి. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్స్‌ది బెంగళూరులో, ఆర్టిలరీది నాసిక్ రోడ్ క్యాంప్‌లో, సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో, ఈఎంఈది సికింద్రాబాద్‌లో. మొదట కుటుంబ సభ్యుల పేరుతోనే మామూలు దరఖాస్తు పంపండి. నంబరు, హోదా, పేరు, చేరిన తేదీ, దిగిన తేదీ, ఊరు, బంధుత్వ రుజువు జతచేయాలి. ‘వివరాలన్నీ ఇవ్వండి’ అని అడిగితే ఏమీ రాదు. చేరిన తేదీ, పనిచేసిన యూనిట్లు, పదోన్నతుల తేదీలు, పతకాల జాబితా, గాయాల నమోదు అని నాలుగైదు ముక్కలుగా అడగండి. ‘పార్ట్ టూ ఆర్డర్’ అనే మాట గుర్తుంచుకోండి. పెళ్లి, పిల్లల పుట్టుక, సెలవు, బదిలీ, గాయం వంటివన్నీ నమోదయ్యేది అందులోనే.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల గడువు ఉంటుంది. బీఎస్ఎఫ్, ఐటీబీపీ, అస్సాం రైఫిల్స్ ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి అక్కడ ఈ దారి పనిచేయదు. కుటుంబం తరఫు విజ్ఞప్తే మార్గం. ఎవరికి రాయాలో తోచకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, చిరునామాలు వారి దగ్గర ఉంటాయి. యుద్ధ సమయపు డైరీలు రక్షణ శాఖ చరిత్ర విభాగం పరిధిలోవి. 2021 విధానం ప్రకారం 25 ఏళ్లు దాటినవాటిని పరిశీలించి జాతీయ పురాభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్) పంపుతారు.

అమరుల విషయంలో ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం త్యాగ చక్రంలో గ్రానైట్ ఇటుక మీద పేరు, హోదా, యూనిట్ ఉంటాయి. ప్రపంచ యుద్ధాల్లో పోయినవారికి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఉంది. అందులో తండ్రి పేరు, ఊరు కూడా చాలాసార్లు దొరుకుతాయి.

ఇంట్లో ఉన్న కాగితాలు

సరిహద్దు నుంచి వచ్చిన ఉత్తరంలో ఊరి పేరు ఉండదు, ‘56 ఏపీవో’ అనో ‘99 ఏపీవో’ అనో ఉంటుంది. ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు. 56 అంటే ఉత్తర, పశ్చిమ దిక్కులకు ఢిల్లీ మీదుగా వెళ్లే టపా. 99 అంటే కోల్‌కతా మీదుగా తూర్పు, ఈశాన్యం. ఇంత మాత్రానికే ఆయన ఆ ఏడు లద్దాఖ్ వైపున్నారా, తవాంగ్ వైపున్నారా అన్నది సగం తేలుతుంది. కవరు పారేయకుండా ముద్ర మీది తేదీ, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు రాసుకోండి. లోపలి మాటలు కూడా విలువైనవే: సెలవు ఎప్పుడు దొరుకుతుందన్న ఎదురుచూపు, ఇంటికి పంపిన మనియార్డరు, వరికోతల గురించి వాకబు. మనిషి కనబడేది అక్కడే.

ఫొటోల్లో చేతి మీది పట్టీలు లెక్కపెట్టండి: ఒకటి లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దార్. ఛాతీ మీది రిబ్బన్లు ఫొటోకు కాలం చెబుతాయి. సమర్ సేవా రిబ్బన్ ఉన్న ఫొటో 1965కు ముందుది కాలేదు. స్కాన్ చేసేటప్పుడు వెనకవైపు కూడా చేయండి, స్టూడియో ముద్ర ఉంటే అది ఏ ఊరో తెలుస్తుంది.

మనుషులను అడగడం

ముందు తోటి సైనికులు, తర్వాత కుటుంబం. కుటుంబానికి ఆయన సెలవు రోజులే తెలుసు, సరిహద్దు రోజులు తెలిసింది పక్క బంకరులోనివారికే. రిటైరైన సైనికుడిని ‘మీ సాహసం చెప్పండి’ అని అడిగితే రెండు ముక్కల్లో ముగిస్తారు. రోజు ఎలా మొదలయ్యేది అని అడగండి. తెల్లారకముందు, చీకటి పడేవేళ ఆయుధాలతో ‘స్టాండ్ టు’, మంచు కరిగించి నీళ్లు, బుఖారీ పొయ్యి, కిరోసిన్ వాసన, పోస్టుకూ పోస్టుకూ మధ్య లింక్ పెట్రోలింగ్, రాళ్లు పేర్చి కట్టిన రక్షణ గోడ ‘సంగర్’, కంచర గాడిదల మీద వచ్చే రేషన్. ఇవి కదిలితే మిగతావి వాటంతటవే వస్తాయి. గంటకు మించి కూర్చోబెట్టకండి. నేలకొరిగిన తోటివారి పేర్లు వచ్చినప్పుడు మౌనంగా ఉండండి, తర్వాతి ప్రశ్నకు తొందరపెట్టవద్దు. వీరనారితో, అంటే అమరుడైన సైనికుడి భార్యతో, మాట్లాడేటప్పుడు ఆ కబురు వచ్చిన రోజు గురించి మీరుగా అడగవద్దు. చెప్పాలనుకుంటే ఆమే చెబుతారు.

విన్నదాన్ని లెక్కతో సరిచూడండి. సైన్యంలో ఎత్తైన చోట్లకు అలవాటు పడటానికి వరుస ఉంది: 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 15,000 దాకా నాలుగు, ఆపైన మరో నాలుగు. ‘ఊరి నుంచి రైలెక్కి నాలుగో రోజున 16,000 అడుగుల మీద యుద్ధం చేశారు’ అని ఎవరైనా చెబితే తేదీలు మళ్లీ చూడాలి. అత్యవసరంలో గడువు కుదించడం జరుగుతుంది గానీ దానికి వేరే రుజువు కావాలి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. కుటుంబం గుర్తుంచుకున్న పండగలు, పెళ్లిళ్లు ఈ లెక్కలో సరిపోతున్నాయా చూడండి. అధికారి అయితే కమిషన్ నుంచి రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కర్నల్ అన్నది ప్రస్తుత వరుస. కర్నల్ ఎంపికతో వచ్చేది.

కూర్చి రాయడం

నోటు పుస్తకంలో ఐదు గళ్లు గీయండి: తేదీ, ఏం జరిగింది, ఎక్కడ, రుజువు ఏది, ఇంకెవరు ధ్రువీకరించారు. గెజిట్, సర్వీసు పత్రం ఉంటే నేరుగా రాయండి. ఒక్కరి నోటిమాటే అయితే వారు చెప్పినట్టుగా రాయండి. రెండు రుజువులు పొసగకపోతే ఘటన దగ్గరి కాలంలో రాసినదానికి విలువెక్కువ. పోగా ఖాళీలు మిగులుతాయి, మిగలనివ్వండి.

పోరు జరిగిన గంటలే పుస్తకమంతా ఆక్రమించకుండా చూసుకోవాలి. రెజిమెంట్ సెంటర్‌లో శిక్షణ, ప్రమాణం చేసే కసమ్ పరేడ్, భాష రాని చోట మొదటి ఏడాది, పెళ్లి, బదిలీలు, పదోన్నతి. ఆ గంటలకు ఆయన్ను సిద్ధం చేసినవి ఇవే. శత్రువును ఎంతమందిని చంపారన్న అంకె సైటేషన్‌లో ఉంటేనే రాయండి.

శిలాఫలకానికి ఈ వరుస సరిపోతుంది: హోదా, పేరు, పురస్కారం, మరణానంతరమైతే ఆ మాట, యూనిట్, పోరు జరిగిన చోటు, తేదీ. ఉదాహరణకు: కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు, మహావీర చక్ర (మరణానంతరం), 16 బిహార్, గల్వాన్ లోయ, 15 జూన్ 2020. చెక్కేవారికి టైపు చేసిన కాగితం ఇచ్చి, రాయి మీద పెన్సిల్‌తో గీశాక కుటుంబ సభ్యులు, ఒక మాజీ సైనికుడు కలిసి చదివాకే ఉలి వేయించండి.

బయటపెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. పీపీవో, గుర్తింపు కార్డుల ఫొటోల్లో బ్యాంకు ఖాతా, ఆధార్, చిరునామా కనిపించకుండా మూసేయాలి. ఇప్పటికీ సర్వీసులో ఉన్న సైనికుడైతే ప్రస్తుత యూనిట్, పోస్టు, సెలవు తేదీలు, కుటుంబం ఫోన్ నంబర్లు రాయకూడదు. పోస్టుల ఫొటోలు, మ్యాపు గుర్తులు పెట్టకూడదు. అచ్చుకు ముందు రాతప్రతిని కుటుంబానికి చూపించి సంతకం తీసుకోండి. పుస్తకం వచ్చాక ఒక్కో ప్రతి కుటుంబానికి, ఊరి బడికి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, రెజిమెంట్ సెంటర్‌కు పంపండి. రుజువుల జిరాక్సుల కట్టను నంబర్లు వేసి విడిగా భద్రపరచండి, రేపు ఎవరైనా ఒక తేదీని ప్రశ్నిస్తే తీసి చూపాల్సింది అదే.